రెండు రేవులు: పట్నం, లంక, మన కథ

పల్లె మంచిదా, పట్నం మంచిదా అనే ప్రశ్న తెలుగు సాహిత్యంలో చాలా పాతది. పాతదే గాని, సరిగ్గా అడిగిన ప్రశ్న కాదని నా అభిప్రాయం. తొమ్మిదో తరగతి కాంపోజిషను పుస్తకంలో దీనికి ఒక స్థిరమైన జవాబు వుంది. పల్లెలో గాలి స్వచ్ఛం, మనుషులు అమాయకులు. పట్నంలో విద్య వుంది, వైద్యం వుంది, రైలు వుంది, పొగ కూడా వుంది. కనుక రెండూ అవసరమే. బడిపంతుల్ని గనక ఇలాంటివి ఏటా కట్టలకొద్దీ దిద్దుతాను. పిల్లలు అలా రాసినందుకు నాకేమీ బాధ లేదు. మన కథకులూ, వాళ్ళ మీద వ్యాసాలు రాసే మన విమర్శకులూ కూడా ఆ కాంపోజిషను దాటి రాలేకపోవడమే బాధ.

ఈ మధ్య ఆ పాత ప్రశ్నే కొత్త ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వస్తోంది. కథానాయకుడికి విశాఖపట్నంలో ఉద్యోగం. గోదావరి పాయల మధ్య ఒక లంక ఊళ్ళో తాతల నాటి ఇల్లు. పట్నంలో విమానాశ్రయం, పెద్దాసుపత్రి, పిల్లల చదువులు. లంకలో కొబ్బరితోట, ఏటిగాలి, సాయంత్రం పంటు దిగగానే చెవుల్లో నిండే నిశ్శబ్దం. ఏది ఎంచుకోవాలి? నాలుగు పేజీలు మథనపడి, అయిదో పేజీలో అతను రేవులో నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంటాడు. లేకపోతే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి తోటలో కుర్చీ వేసుకుంటాడు. పాఠకుడు నిట్టూరుస్తాడు.

ఇలాంటి కథ చదివినప్పుడల్లా నాకు మూడు సందేహాలు వస్తాయి. ఈ నాయకుడు లంక దాటి చదువుకోడానికి డబ్బు ఎక్కణ్ణించి వచ్చింది? అతను లేని ఇరవై ఏళ్ళూ ఆ తోటలో కాయ దింపినవాళ్ళు ఎవరు? అతన్ని ఏరు దాటించిన పంటువాడికి ఈ ఎంపిక వుందా? కథ ఈ మూడింటికీ జవాబు చెప్పదు. జవాబు చెబితే కన్నీళ్ళు ఆరిపోతాయి.

నా వాదం ఇది. ఎంచుకోవడమనేది రెండు చోట్లా కాలు మోపడానికి జాగా వున్నవాడి సమస్య. మిగిలినవాళ్ళ విషయంలో దాని పేర్లు వేరు. ఒకరికి వలస, ఒకరికి నిర్వాసితత్వం, ఒకరికి ఎటూ కదల్లేక వుండిపోవడం. ఈ తేడా చూపించని రచన ఎంత అందంగా వున్నా వాస్తవికమైన రచన కాదు.

*

మొదట పట్నం సంగతి చూద్దాం. సౌకర్యాలున్న పట్నం అన్నప్పుడు మనం వాడే మాటలు “నాలుగు దారులూ కలిసే చోటు”. విశాఖ అలాంటి చోటే. 1933లో రేవు ప్రారంభమైంది. తర్వాత ఓడల నిర్మాణ కేంద్రం, చమురుశుద్ధి కర్మాగారం, నౌకాదళ స్థావరం వచ్చాయి. 1960లలో తూర్పు కనుమల్ని తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. దాన్ని వేసింది అరకు గిరిజనుడు పట్నం చూడడానికి కాదు, బైలదిల ఇనుపరాయి జపాను చేరడానికి. దశాబ్దాల పాటు ఆ లైను మీద ఖనిజం బళ్ళు పగలూ రాత్రీ నడిచాయి. మనుషుల బండి రోజుకొకటి. దారులు ఎవరినీ మరచిపోవు గాని, అవి ముందు సరుకుని గుర్తుపెట్టుకుంటాయి.

ఉక్కు కర్మాగారం కోసం 1966లో రాష్ట్రమంతా కదిలింది. ముప్పయి రెండుమంది ప్రాణాలిచ్చారు. 1970లో ప్రకటన, 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఈ తేదీలు మన పిల్లలకి నోటికొచ్చు. 64 గ్రామాల ప్రజలు 20,000 ఎకరాలకు పైగా భూమి వదులుకున్న సంగతి అంతగా నోటికి రాదు. ఆ ఊళ్ళవాళ్ళు తమంత తాము పట్నానికి రాలేదు. పట్నమే వాళ్ళ పొలాల మీదికి వచ్చి కూచుంది. ఇల్లు పోయినందుకు వాళ్ళకి పునరావాస కాలనీలో స్థలం, చేతికి ఒక కార్డు దక్కాయి. ఆ కార్డుకి ఉద్యోగం వస్తుందని ఎదురుచూస్తూ ముసలివాళ్ళయినవాళ్ళ మనవలు ఇవాళ మా బళ్ళలో చదువుతున్నారు. “మీ ఊరేది” అని అడిగితే కాలనీ పేరు చెప్తారు. తాత ఊరి పేరు కొందరికి తెలియదు. ఇనుపరాయి మన గుమ్మం ముందునుంచే ఓడ ఎక్కినా, మన ఉక్కు కర్మాగారానికి సొంత ఇనుపగనులు దక్కలేదు. 2021 జనవరిలో ఆ కర్మాగారాన్నే పూర్తిగా ప్రైవేటుపరం చెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. కార్మికులు మళ్ళీ రోడ్డెక్కారు. ఊరు వదులుకున్నవాడికి పట్నం కూడా చేతిలోంచి జారిపోయే ప్రమాదం ఎదురైంది.

ఇదే విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ వుంది. కొండకి ఇటుపక్క ప్రపంచంలోని ఓడలన్నీ ఆగే రేవు. అటుపక్క మూడువైపులా కొండలు, ఒకవైపు సముద్రంతో యారాడ. దిగువన గంగవరం, దిబ్బపాలెం. కొత్త రేవు కట్టడానికి ఆ జాలర్ల తీరం కావలసి వచ్చింది. తరతరాలుగా తెప్పలు లాగిన ఇసుక మీద గోడ లేచింది. రేవు వచ్చినందువల్లే తమ రేవు పోగొట్టుకున్న ఊళ్ళివి. పట్నం అంటే విముక్తి, పల్లె అంటే భూస్వామ్యం అని చీటీలు అంటించి సంతృప్తిపడే మన అభ్యుదయ విమర్శకులు గంగవరం బీచిలో ఒక గంట నిలబడితే మంచిది.

*

ఇప్పుడు లంక. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి, తాను తెచ్చిన ఒండ్రుని తానే పోసి, తిరిగి తానే కోసుకుపోయే నేల అది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారి డెల్టా పచ్చబడింది. డెల్టా మునగకుండా ఏటికి రెండువైపులా గట్లు వేశారు. గట్టుకి అవతల వున్న ఊరు రక్షణలో వున్నట్టు. గట్టుకి లోపల, ఏటి కడుపులో వున్నది లంక. వరద వస్తే గట్టు తెగకూడదని కలెక్టరు దగ్గర్నించి కూలీ దాకా ఇసకబస్తాలు మోస్తారు. ఆ గట్టు ఎంత గట్టిగా నిలబడితే లంకలో నీళ్ళు అంత ఎత్తుకి లేస్తాయి. 1986 ఆగస్టులో అదే జరిగింది. 2022 జూలైలోనూ అదే జరిగింది. లంకలోని నిశ్శబ్దాన్ని మెచ్చుకునే కథకుడు సాధారణంగా సంక్రాంతికి వెళతాడు. శ్రావణమాసంలో వెళ్ళడు.

నిశ్శబ్దం అనేది ఒక గుణమని మనం పొరబడుతున్నాం. చాలా చోట్ల అది ఒక లోటుకి పెట్టిన ముద్దుపేరు. బస్సు లేదు కనుక హారను మోత లేదు. ఆసుపత్రి లేదు కనుక అంబులెన్సు కూత లేదు. నెలలు నిండిన ఆడమనిషిని వరద రాకముందే ఒడ్డుకి చేర్చి చుట్టాలింట్లో పెట్టడం లంకల్లో ఆచారమైపోయింది. ఆ ఆచారాన్ని వర్ణించి, దాని కారణాన్ని వదిలేస్తే మిగిలేది జానపద చిత్రం మాత్రమే.

మా ఉపాధ్యాయుల బదిలీల నిబంధనలు ఈ విషయంలో మన కథకుల కన్నా నిజాయితీగా వున్నాయి. ఇంటద్దె భత్యాన్ని బట్టీ, రోడ్డు సౌకర్యాన్ని బట్టీ ఊళ్ళని నాలుగు తరగతులు చేశారు. రోడ్డు లేని ఊరు నాలుగో తరగతి. అక్కడ పనిచేసిన ప్రతి ఏడాదికీ అన్నిటికన్నా ఎక్కువ పాయింట్లు. పాయింట్లు పోగైతే పట్నం దగ్గరికి రావచ్చు. అంటే ఏకాంతానికి ప్రభుత్వమే ఒక ధర కట్టి, దాన్ని భరించినందుకు పంతులికి నష్టపరిహారం ఇస్తోంది. మంచిదే, నేను వద్దనను. కాని ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ బళ్ళోనే అయిదేళ్ళు చదివి, ఏడాదికొక కొత్త పంతుల్ని చూసిన పిల్లకి ఎన్ని పాయింట్లు వస్తున్నాయి? ఆ లెక్క ఏ జీవోలోనూ లేదు. ఉండవలసింది కథలో. అక్కడా లేదు.

లంకకి ప్రపంచంతో సంబంధం లేదనుకోవడం కూడా పొరపాటే. లంక పొగాకు ఏనాడో ఊరు దాటింది. కోనసీమ నేల కింది వాయువు గొట్టాల్లో ఊరు దాటింది. పాశర్లపూడిలో 1995 జనవరిలో బావి పేలి మంట రెండు నెలలకు పైగా మండింది. గౌతమి మీద యానాం–ఎదుర్లంక వంతెన వచ్చింది 2002లో. ఆ ప్రాంతం మనుషులు పంటు మీద ఏరు దాటుతున్న రోజుల్లోనే, నేల కింద చమురుకీ వాయువుకీ దారులు వేసుకున్నారన్న మాట. ఇక మనుషుల మాట. గోదావరి జిల్లాల పేదింటి ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళడం మొదలై చాలాకాలమైంది. మండల కేంద్రానికి సరైన బస్సు లేని ఊరినించి అరబ్బు దేశానికి దారి వుంది. ఈ ఊరిని “బయటి ప్రపంచం తాకని ప్రశాంత గ్రామం” అని రాసే చెయ్యి ఎవరిదో ఆలోచించండి.

దివిసీమకి సముద్రమే వచ్చింది. 1977 నవంబరు 19న ఉప్పెన వేలాదిమందిని తీసుకుపోయింది. శ్రీహరికోట దీవికి రాకెట్టు వచ్చింది. 1971లో అక్కణ్ణించి మొదటి రాకెట్టు లేచింది. పులికాట్ మీదుగా సూళ్ళూరుపేట నుంచి చక్కటి రోడ్డు పడింది. ఆ దీవిలో తరతరాలుగా బతికిన యానాదులు ఆ రోడ్డున బయటికి రావలసి వచ్చింది. కనుక రోడ్డు వస్తే మేలు, రాకపోతే కీడు అని కూడా ఒక్కమాటలో తేల్చలేం. రోడ్డు ఎవరికోసం వచ్చిందో, ఆ దారిన ఎవరు వచ్చారో, ఎవరు పోయారో అడగాలి.

*

ఈ ప్రశ్నలు నేను కొత్తగా కనిపెట్టినవి కావు. మన మంచి రచనల్లోనే వున్నాయి. “కన్యాశుల్కం” తీసుకోండి. గిరీశానికి విజయనగరంలో అప్పులూ చిక్కులూ పెరిగాయి. వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో కృష్ణరాయపురం అగ్రహారం చేరాడు. పల్లె అతనికి తలదాచుకునే చోటు, అవసరం తీరితే వదిలే చోటు. అదే ఇంట్లో వున్న బుచ్చమ్మకి ఆ అగ్రహారమే లోకం. అది దాటాలంటే గిరీశం లాంటివాణ్ణే నమ్మాలి. పల్లె, పట్నం రెండూ గిరీశానికి చేతిలో పేకముక్కలు. బుచ్చమ్మ ఆ ఆటలో పందెం. నూరేళ్ళ కిందట గురజాడ ఇంత స్పష్టంగా చూపించిన తేడాని ఇవాళ్టి మన రేవు కథలు చూడలేకపోతున్నాయి.

“వేయిపడగలు”లో సుబ్బన్నపేట పతనం ధర్మం పతనంగా కనిపిస్తుంది. విశ్వనాథ ప్రతిభ విషయంలో నాకు సందేహం లేదు. ఆ ఊరిని ఆయన ఏ అరుగు మీద కూచుని చూశారన్నది ప్రశ్న. దానికి దశాబ్దం ముందే, 1922లో, ఉన్నవ “మాలపల్లి” వచ్చింది. ఊరిని ఊరి బయటనుంచి చూసిన నవల అది. ఈ రెండు నవలల్నీ పక్కపక్కన పెట్టి చదివించిన విద్యార్థికి “పల్లె” అనే మాట ఒక్క ఊరి పేరు కాదని, ఒకే ఊళ్ళో రెండు ఊళ్ళున్నాయని వేరే చెప్పనక్కర్లేదు.

మన విశాఖ రచయితల దగ్గరికి వద్దాం. రావిశాస్త్రి “అల్పజీవి” సుబ్బయ్య పట్నవాసి, గుమాస్తా. అన్ని సౌకర్యాలకీ దగ్గరగా వున్నవాడు. బావమరిది కోసం కంట్రాక్టరు గవరయ్య దగ్గర చేబదులు తెచ్చి, ఆ భయంతోనే సగమైపోయినవాడు. పట్నంలో సంబంధాలు ఎక్కువ, నిజమే. ఆ సంబంధాల్లో చాలా భాగం అప్పు, లంచం, భయం. దారులన్నీ కలిసే చోట మనిషి ఎలా కుంచించుకుపోతాడో ఈ నవల చెప్పినట్టు వేరే చెప్పిన నవల నాకు గుర్తు లేదు.

కాళీపట్నం రామారావు మాస్టారి “యజ్ఞం” 1966లో అచ్చయింది. దాని ముగింపు మీద మన విమర్శకులు ఎన్నో పేజీలు రాశారు. కొడుకుని చంపుకున్న సీతారాముడి చర్య సబబా కాదా అని వాదించుకున్నారు. ఆ ముగింపుకి ముందు వున్న సుందరపాలెం గురించి అంతగా మాట్లాడుకోలేదు. అది వెనకబడి, విసిరేసినట్టుండే ఊరు కాదు. శ్రీరాములునాయుడి పెద్దరికంలో బాగుపడిన ఊరు. బడి వచ్చింది, రోడ్డు వచ్చింది, నలుగురూ మెచ్చుకునే పేరు వచ్చింది. ఆ బాగుపడిన ఊళ్ళోనే అప్పల్రాముడి అప్పు కొండలా పెరిగింది. ఊరికి దారి పడితే ఊళ్ళో అందరికీ దారి పడినట్టేనన్న నమ్మకాన్ని ఈ కథ పంచాయితీలో నిలబెట్టి ప్రశ్నించింది. ఊరి అభివృద్ధినీ, మనిషి దాస్యాన్నీ ఒకే తక్కెడలో వేసి తూచిన కథ ఇది. అందుకే పల్లెని ప్రేమించేవాళ్ళకీ మింగుడుపడలేదు, అభివృద్ధిని పొగిడేవాళ్ళకీ మింగుడుపడలేదు.

ఆయనదే “జీవధార”. గుడిసెల్లోని మనుషులు గుక్కెడు నీళ్ళ కోసం పెద్ద బంగళా గేటు దగ్గరికి వెళ్ళిన కథ. అన్నీ అందుబాటులో వుండే పట్నం అనే మాటకి ఇంతకన్నా పదునైన వ్యాఖ్య వుండదు. గొట్టం వీధిలోంచే పోతుంది. నీళ్ళు గేటు లోపల వుంటాయి. దూరాన్ని మైళ్ళలో కొలవడం మనకి అలవాటు. రామారావు మాస్టారు గేటుతో కొలిచారు.

లంక జీవితం మీద ఈ కాలంలో వచ్చిన రచనల్లో అక్కినేని కుటుంబరావు “కొల్లేటి జాడలు” (2014) ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు, అందులో లంక ఊళ్ళు. ఆ నీటిని చేపల చెరువులు ఆక్రమించాయి. 1999లో అభయారణ్యమని ప్రకటించారు, 2006 నాటికి చెరువుల గట్లు పగలగొట్టారు, ఆ గొడవ అక్కడితో తెగలేదు. నవల ఈ వార్తల కన్నా వెనక్కి, రచయిత చిన్ననాటి కొల్లేటికి వెళుతుంది. జ్ఞాపకాల నవల అనగానే నాకు కొంచెం భయం వేస్తుంది. ఈ నవల ఆ భయాన్ని చాలావరకు పోగొట్టింది. ఇందులో కొల్లేరు చూడ్డానికి అందమైన చెరువు మాత్రమే కాదు. నీరు, చేప, పడవ, పంట, వాటి చుట్టూ మనుషుల కష్టం. ఏం పోయిందో ముందు లెక్క చెప్పి, తర్వాత దుఃఖిస్తుంది. లెక్క లేని దుఃఖానికీ దీనికీ చాలా తేడా వుంది. అయితే జ్ఞాపకం అనేది వెళ్ళిపోయినవాడి ఆస్తి అని మరిచిపోకూడదు. వుండిపోయినవాడికి కొల్లేరు జ్ఞాపకం కాదు, ఇవాళ్టి కూలి. అతను చెప్పే కొల్లేరు నవల ఇంకా రావలసే వుంది.

*

ఇంతా చెప్పి లంక మీద మమకారం వద్దంటున్నానా? అనడం లేదు. ఏటిగాలి హాయిగానే వుంటుంది. పట్నంలో ఇరుకుగదిలో వుండే కూలీ కూడా తన ఊరి చెట్టుని తలుచుకుంటాడు. దాన్ని భూస్వామ్య భావజాలమని కొట్టిపారేసే విమర్శ మోటు విమర్శ. నిర్వాసితుడు తన ఊరి పేరు తలుచుకోవడం, లంక ఇల్లు అద్దెకిచ్చి పట్నంలో ఫ్లాటు కొన్నవాడు తలుచుకోవడం ఒకటి కావని మాత్రమే నేనంటున్నాను. మొదటిదాంట్లో హక్కు అడిగే గొంతు వుంది. రెండోదాంట్లో సెలవు అడిగే గొంతు వుంది.

రచయితలు ఎక్కడ కాపురముండాలన్న మాట కూడా ఈ చర్చలో వస్తుంటుంది. హైదరాబాదులో వుంటే సభలూ, పత్రికలూ, పరిచయాలూ దగ్గరన్నది నిజమే. చాసో విజయనగరంలో వుండే రాశారు. రావిశాస్త్రి విశాఖ కోర్టులో ప్లీడరీ చేస్తూ రాశారు. రామారావు మాస్టారు విశాఖలో బడిపంతులుగా పనిచేసి, 1997లో కథానిలయాన్ని శ్రీకాకుళంలో పెట్టారు. తెలుగు కథ మీద పరిశోధన చేసేవాడు ఎక్కడివాడైనా అక్కడికి వెళ్ళక తప్పని పరిస్థితి తెచ్చారు. దారి ఎటు వుంటే అటు పోవడమే కాదు, మనం వున్న చోటికి దారి వేయించడం కూడా ఒక పద్ధతేనని ఆ పని చెబుతోంది.

యువ రచయితలకి, సాహిత్య విద్యార్థులకి నా మనవి ఇదే. పట్నమా లంకా అన్న ఇతివృత్తం ఎదురైతే, కథలో ఎవరు మాట్లాడుతున్నారో చూడండి. అతనికి తిరుగు టిక్కెట్టు వుందా? అతను లేనప్పుడు అక్కడ పని ఎవరు చేశారు? ఆ దారిన ముందు సరుకు వచ్చిందా, మనిషి వచ్చాడా? ఈ మూడింటికీ కథలో చోటు దొరికితే అది ఏ రేవు కథైనా నిలబడుతుంది.

రాయవలసినవి చాలా వున్నాయి. వంతెన వచ్చాక పంటు సరంగు ఏమయ్యాడు? పాయింట్లు నిండిన పంతులు వెళ్ళిపోయిన మర్నాడు లంక బడి తలుపు ఎవరు తీశారు? కువైట్ నుంచి వచ్చిన తల్లిని ఏటి ఒడ్డున పిల్లాడు గుర్తుపట్టాడా? ఉక్కునగరం గేటు బయట కాలనీలో తాత కార్డుని ఇనపపెట్టెలో ఎందుకు దాచారు? ఆ మనుషులంతా మన మధ్యే వున్నారు. వాళ్ళని అడిగి రాయండి.